ఎడమవైపు గోడ

పరంధామయ్య నేలమీద కూర్చుని, ప్రసర్త్ కుడి పాదాన్ని తన తొడమీద పెట్టుకుని మేజోడు తొడుగుతున్నాడు. పాదం బాగా ఉబ్బి ఉంది. వేలితో నొక్కితే పడిన సొట్ట చాలాసేపటికి గానీ పూడడం లేదు. ఆ బిగుతు మేజోళ్ళు మామూలుగా లాగితే ఎక్కవు. ముందు లోపలివైపు బయటికి తిప్పి, మడమ దగ్గర సంచిలా చేసుకుని, కాలివేళ్ళకు తగిలించి, ఆ తరువాత కొంచెం కొంచెంగా పైకి జరపాలి. ఎక్కడా ముడత పడకూడదు. ముడత పడితే సాయంత్రానికి అక్కడ చర్మం చిట్లుతుంది.

ముడతలు తీయడం పరంధామయ్య చేతులకు కొత్త కాదు. ఏలూరులో ఒక డిగ్రీ కాలేజీలో వృక్షశాస్త్రం ల్యాబ్ అసిస్టెంట్‌గా సగం జీవితం గడిపాడు. ఉల్లిపొరను గాజు పలకమీద పరిచి, గాలిబుడగ చిక్కుకోకుండా పైన పల్చటి గాజుబిళ్ళ వాల్చడం ఆయన పని. పిల్లలు వచ్చి మైక్రోస్కోపులో ఒక కన్ను పెట్టి చూసి, బొమ్మ గీసుకుని వెళ్ళిపోయేవారు. గాజుబిళ్ళ వాల్చిన చెయ్యి ఎవరిదో అడిగినవాళ్ళు లేరు. ఆయనకూ చెప్పాలనిపించలేదు.

భార్య సుభద్ర అన్నగారు అమెరికా నుంచి వేసిన పిటిషన్ పండేసరికి ఇద్దరికీ యాభై దాటింది. పిల్లలు లేరు. ఇక్కడ ఎవరికోసం ఉండాలి అంది సుభద్ర. అక్కడ మాత్రం మీ అన్నయ్య తప్ప ఎవరున్నారు అన్నాడు ఈయన. అయినా టెక్సాస్ వచ్చారు. ఇర్వింగ్‌లో గ్యాస్ స్టేషన్‌లో కొన్నాళ్ళు, ఇండియన్ గ్రోసరీలో కొన్నాళ్ళు నిలబడ్డాడు. సుభద్ర జబ్బు పడినప్పుడు ఆమెకు ఒళ్ళు తుడవడం, పక్క మార్చడం నేర్చుకున్నాడు. ఆమె పోయాక ఆ నేర్చుకున్నదే పని అయింది. ఒక హోమ్ కేర్ ఏజెన్సీలో చేరాడు. అక్కడ ఆయన పేరు పరమ్. మెరూన్ రంగు యూనిఫాం మీద అలాగే కుట్టి ఇచ్చారు.

"టైటా, పీ?" అని అడిగాడు.

"టైట్," అన్నాడు ప్రసర్త్ కళ్ళు మూసుకునే. "గుడ్ టైట్."

ప్రసర్త్‌కు ఎనభై దాటాయి. థాయ్‌లాండ్ ఉత్తరాన లంపాంగ్ అనే ఊరు. కుర్రతనంలో అమెరికన్ల వైమానిక స్థావరంలో మెకానిక్‌గా చేరి, వాళ్ళు వెళ్ళిపోతున్నప్పుడు వాళ్ళ వెంట టెక్సాస్ వచ్చేశాడు. ఆ తరువాత జీవితమంతా ఇళ్ళ కప్పులమీదా అటకల్లోనూ ఏసీలు బాగుచేశాడు. ఇప్పుడు గుండె అలిసిపోయింది. ఊపిరితిత్తుల్లో నీరు చేరుతోంది. వేసవి మొదట్లో డాక్టర్లు హాస్పిస్ కింద పెట్టారు. అంటే ఇక ఆసుపత్రికి తిప్పరు, గుండె ఆగితే ఛాతీమీద గుద్ది లేపరు. నొప్పి లేకుండా చూస్తారు. కిటికీ పక్కన ఆక్సిజన్ మెషీన్ ఒకటి పెద్దగా శ్వాస తీస్తున్నట్టు చప్పుడు చేస్తూ ఉంటుంది. దాని గొట్టం ఆయన ముక్కు దాకా వస్తుంది.

ఇద్దరిదీ కూడబలుక్కుని మాట్లాడే ఇంగ్లీషు. మొదటి వారంలోనే ప్రసర్త్ ఒక సంగతి తేల్చాడు. తమ దేశంలో పెద్దవాణ్ణి పీ అంటారు, చిన్నవాణ్ణి నోంగ్ అంటారు, 'మిస్టర్' అంటే కరెంటాఫీసు వాడు వచ్చినట్టుంటుంది అన్నాడు. మా దగ్గరా అంతే, అన్నయ్య, తమ్ముడు అంటాం అన్నాడు పరంధామయ్య. అప్పటినుంచి ఈయన ఆయన్ని పీ అంటాడు, ఆయన ఈయన్ని తమ్ముడూ అంటాడు. చివరి అక్షరాన్ని పాట పాడినట్టు పైకి లేపుతాడు.

జేబులో ఫోన్ మోగింది. ఏజెన్సీ నుంచి రేణు. కరీంనగర్ అమ్మాయి. ఎవరు ఏ ఇంటికి వెళ్ళాలో చూసేది ఆమే.

"అంకుల్, మీ క్లాక్ ఇన్ చూపిస్తలేదు. లొకేషన్ ఆన్ జేస్కోండ్రి జర."

"చేశానే అమ్మా. ఈ ఫోనుకి నా మాటంటే లెక్కలేదు."

"ఎట్లున్నడు ముసలాయన?"

"రాత్రి నిద్ర పట్టలేదట. నడుస్తోంది. ఇదిగో, ఒక మేజోడయింది. రెండోదీ తొడిగి, కాస్త జావ తాగించి, ఇక ఊరు తిరగడానికి బయల్దేరతాం."

రేణు నవ్వింది. "ఇంకా ఆ ట్రక్ కాడ్నే ఉన్నరా మీరిద్దరు?"

"ఆ ట్రక్కు దగ్గరే."

"అంకుల్, పాత డేట్‌లు చూసిండ్రా? అండ్ల మీద మూలకు నెల, సంవత్సరం రాసి ఉంటది. దాన్ని నొక్కుండ్రి. అంతకుముందు తీసిన ఫొటోలు వస్తయి. మా ఇల్లు రోడ్ వైడెనింగ్‌ల పోయింది గదా, నేను గట్లనే చూస్కుంట. మా నాయన గోడకు ఆనిచ్చిన సైకిల్ గూడ కనిపిస్తది."

"పాతవి ఉంటాయా?" అన్నాడు పరంధామయ్య. చేతిలో రెండో మేజోడు అలాగే ఉండిపోయింది.

"అన్ని కాడ ఉండయి. ఉంటే మీ అదృష్టం."

వాళ్ళు ఊరు తిరిగేది టీవీలో. ప్రసర్త్ కూతురు మాలీ ల్యాప్‌టాప్‌ను టీవీకి కలిపి వెళుతుంది. ఎవరో కారుమీద కెమెరా పెట్టుకుని ప్రపంచంలోని వీధులన్నీ ఫొటోలు తీసి పెట్టారు. బాణం గుర్తును నొక్కితే ఒక ఫొటోలోంచి ఇంకో ఫొటోలోకి జారుతూ, రోడ్డుమీద నడిచినట్టే వెళ్ళవచ్చు. మొదట్లో మాలీ అది తండ్రికి కాలక్షేపానికని పెట్టింది. ప్రసర్త్‌కు అది కాలక్షేపం కాదు.

ఆయనకు వాళ్ళమ్మ ముఖం గుర్తు రావడం లేదు. ఆ మాట ఒకరోజు స్నానం చేయిస్తుంటే చెప్పాడు. చేతులు గుర్తున్నాయి. బియ్యపు వడియాల్లాంటివి వేయించి, పైన బెల్లం పాకం తీగలా పోసి అమ్మేది. ఆ పాకం పోసే చెయ్యి గుర్తుంది. గొంతు గుర్తుంది. ముఖం ఉండాల్సిన చోట ఏమీ లేదు. ఆమె పోయినప్పుడు ఆయన కాగితాలు సరిగా లేక వెళ్ళలేకపోయాడు. అక్కడి పద్ధతి ప్రకారం అస్థికలు గుడి ప్రహరీగోడలో చిన్న గూడులో పెట్టి, పైన చలువరాయి బిళ్ళ బిగించి, దానిమీద పేరూ ఫొటోనూ అద్దారు. గుర్తింపు కార్డుకోసం తీసిన ఆ ఒక్క ఫొటో తప్ప ఆమెకు వేరే ఫొటో లేదు. అదంతా చేసిన తమ్ముడు కూడా పోయాడు. వెనక గుమ్మం నుంచి మూడో స్తంభం, దేవగన్నేరు చెట్టు కింద అని ఫోనులో చెప్పాడట. చచ్చేలోపు ఆ ముఖం ఒకసారి చూడాలి. ఆయన కోరిక అంతే.

మాలీ ఆ గుడివాళ్ళ ఫేస్‌బుక్ పేజీకి మెసేజ్ పెట్టింది. గోడమీది ఫొటో ఒకటి తీసి పంపగలరా అని. నమస్కారం పెడుతున్న ఏనుగుపిల్ల బొమ్మ ఒకటి జవాబుగా వచ్చింది. ఆ తరువాత ఏమీ రాలేదు.

జావ సగం తాగి చాలన్నాడు ప్రసర్త్. పరంధామయ్య మూతి తుడిచి, కుర్చీ వెనక్కి వాల్చి, దిండు సర్దాడు. పక్కన స్టూలు వేసుకుని ల్యాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకున్నాడు. కిటికీ బయట అపార్ట్‌మెంట్ పార్కింగ్ లాట్ ఎండకు అప్పుడే తెల్లబడుతోంది. దానవతల హైవే. లాస్ కొలీనాస్ ఆఫీసులకు పోయే కార్లు ఒకదాని వెనక ఒకటి.

టీవీలో లంపాంగ్ తెల్లవారింది. అక్కడ ఎప్పుడూ అదే వేళ, అదే మబ్బు.

రోజూలాగే గడియారం స్తంభం దగ్గర మొదలుపెట్టారు. అక్కడినుంచి గుర్రబ్బండ్లు ఆగే చోటు. రంగు కాగితప్పూలు కట్టిన బండి, తల వంచుకున్న తెల్లగుర్రం, టోపీ పెట్టుకున్న బండివాడు. బండివాడి ముఖం మసక. ఆ ఫొటోలు తీసినవాళ్ళ కంప్యూటరు వీధిలో కనపడిన ప్రతి మనిషి ముఖాన్నీ అలా అలికేసి పెడుతుంది. ఎవరి గుట్టు వాళ్ళదని.

"లెఫ్ట్, తమ్ముడూ, లెఫ్ట్ సైడ్. ఇది టెక్సాస్ కాదు."

"మా ఊళ్ళోనూ లెఫ్టే, పీ. ఈ ఊరొచ్చి పాడైపోయాను."

"నీ డ్రైవింగ్ ముసలమ్మ డ్రైవింగ్. గుర్రం నీకంటే స్పీడ్."

నది పక్కన పాత బజారు వీధిలోకి తిరిగారు. టేకు దుంగల వ్యాపారం జరిగిన రోజుల్లో కట్టిన ఇళ్ళు రెండు వైపులా. కింద దుకాణం, పైన చెక్క వరండా, చూరు అంచున లేసులా చెక్కిన టేకు పలకలు. కొన్నిటికి రంగు వేశారు. కొన్ని అలాగే నల్లబడి, ఒక పక్కకు ఒరిగి ఉన్నాయి. ఒక అరుగుమీద కోడిపుంజు బొమ్మ ఉన్న పింగాణీ గిన్నెలు దొంతరగా పేర్చి ఉన్నాయి. ఆ గిన్నెలు ఆ ఊరివే. ప్రసర్త్ ఆ ఇంటి దగ్గర ఆగమన్నాడు. రోజూ ఆగమంటాడు. పైవరండాలో ఒక చీనా ముసలాయన పక్షి పంజరం తగిలించేవాడని, పక్షి కంటే ఆయనే ఎక్కువ అరిచేవాడని చెప్పాడు. నిన్న చెప్పినప్పుడు అది బట్టల దుకాణం. మొన్న పక్షి లేదు. పరంధామయ్య ప్రతిసారీ కొత్తగానే విన్నాడు.

పెద్ద గుళ్ళ ముందు ఒక్కొక్క నిమిషం ఆగారు. గుమ్మానికి రెండువైపులా సున్నం వేసిన సింహాలు. పైకి పోనుపోను చిన్నవవుతూ ఒకదానిమీద ఒకటి లేచిన కప్పులు, వాటి అంచులకు కత్తిరించిన రేకు పనితనం. ఒక గుడి ఆవరణలో రావిచెట్టు కొమ్మలన్నిటి కిందా పంగల కర్రలు ఊతంగా నిలబెట్టి ఉన్నాయి. చెట్టుకు ఊతమిస్తే మనిషి ఆయుష్షుకు ఊతమని అక్కడి నమ్మకం. ఎవరికైనా జబ్బు చేస్తే ఇంటివాళ్ళు ఒక కర్ర తెచ్చి ఆనిస్తారు. ఆ సంగతి తెలిసినప్పటినుంచి పరంధామయ్యకు అక్కడ చెయ్యి కాసేపు ఆగుతుంది. ఫొటోలోకి కర్ర తీసుకెళ్ళే దారి లేదు గదా.

చివరికి వాళ్ళ గుడి వచ్చింది. చిన్నది. నది ఒడ్డున, నాలుగు పక్కలా సందులు. చూడటానికి వచ్చేవాళ్ళెవరూ ఇంతదూరం రారు. చుట్టూ తిరిగేటప్పుడు గోడ కుడిచేతివైపు ఉండేట్టే వెళతారు. అది ఇద్దరూ మాట్లాడుకోకుండా మొదటిరోజే కుదిరిన పద్ధతి. అక్కడా ప్రదక్షిణ ఆ వైపే, ఇక్కడా ఆ వైపే.

వెనక సందులో మొదటి స్తంభం, రెండో స్తంభం. ఆ తరువాత తెల్ల పికప్ ట్రక్కు. వెనక క్యాబేజీ బుట్టలు, పైన నీలం పట్టా. మూడో స్తంభాన్ని పూర్తిగా మూసేసి నిలబడి ఉంది. ట్రక్కు పైన దేవగన్నేరు కొమ్మ ఒకటి కనిపిస్తుంది. ముందు నుంచి చూసినా, దాటి వెనక్కి తిరిగి చూసినా ట్రక్కే.

"బేరం అయిపోలేదు ఇంకా," అన్నాడు ప్రసర్త్. రోజూ ఆ మాటే. మొదటిరోజు మాత్రం చాలాసేపు చూసి, "ఇది ఎప్పటికీ కదలదు కదా," అన్నాడు.

పరంధామయ్య తెరమీద మూలన ఉన్న తేదీని వెతికి నొక్కాడు. కింద ఒక చిన్న వరుస తెరుచుకుంది. అందులో ఇంకో సంవత్సరం ఉంది. నొక్కాడు. తెర ఒక్క క్షణం నల్లబడి, మళ్ళీ వెలిగేసరికి వాళ్ళు సందులో కాక, పక్క వీధిలో, కూరగాయల సంత ముందు ఉన్నారు. ఎండ వేరు. చెట్లు చిన్నవి. వెనక సందువైపు ఒకడుగు వేస్తే పాత ఫొటో తెగిపోయి మళ్ళీ ట్రక్కు ముందుకే తెచ్చి పడేసింది. మళ్ళీ సంత దగ్గరికి వెళ్ళి రెండోవైపు నుంచి ప్రయత్నించాడు. అటునుంచి దారి తెగలేదు. పాత ఎండలోనే ముందుకు సాగింది. తేదీ మారిపోతుందేమోనని మూలన ఆ అంకెలనే చూస్తూ, ఊపిరి బిగబట్టి, ఒక్కొక్క బాణమే నొక్కుతూ వెళ్ళాడు. ఒక మలుపు. నది. ఇంకో మలుపు.

"ఎక్కడికి?" అన్నాడు ప్రసర్త్.

"ట్రక్కు లేని రోజుకి, పీ."

ముసలాయన కుర్చీలో కొంచెం ముందుకు జరిగాడు.

రెండో మలుపు తిరిగాక పరంధామయ్యకు ఎడమ భుజంలో ఏదో తెలిసింది. తెలిసింది ముందు భుజానికే. గోడ ఎడమవైపు ఉంది. అది ఎడమవైపే ఉండి, వాళ్ళ వెంట తిరుగుతూ వస్తోంది. అలా నడిచింది ఆయన జన్మలో ఒకేసారి. ఫ్యూనరల్ హోమ్‌లో, బూడిదరంగు కార్పెట్ మీద, ఎడమ భుజాన కుండ పెట్టుకుని, సుభద్ర పెట్టె చుట్టూ. కార్పెట్ తడుస్తుందని కుండలో నీళ్ళు పోయనివ్వలేదు. ఖాళీ కుండతోనే మూడుసార్లు తిరిగాడు. తరువాత పార్కింగ్ లాట్‌లోకి వచ్చి పగలగొట్టాడు. పెంకులు ఏరుకుని సంచిలో వేసుకోమన్నారు, వేసుకున్నాడు.

చెయ్యి మౌస్ మీద ఆగిపోయింది. బతికున్న మనిషిని పక్కన కూర్చోబెట్టుకుని ఈ వైపు తిప్పుతున్నాడు తను.

"పీ, రాంగ్ వే. వెనక్కి వెళ్దాం. వేరే దారి చూస్తాను."

"ఎందుకు రాంగ్?"

"గోడ లెఫ్ట్‌లో ఉంది."

ప్రసర్త్ తెరవంక చూశాడు. అర్థమవడానికి ఎక్కువసేపు పట్టలేదు.

"ఓ," అన్నాడు. "మీకు కూడానా?"

"మాకూ అంతే. మూడుసార్లు."

"మాకూ మూడే."

ఆక్సిజన్ మెషీన్ ఊపిరి పీల్చి వదిలింది. వేరే దారి లేదని పరంధామయ్యకు తెలుసు. ఇప్పుడే చూశాడు. అయినా వెనక్కి వెళ్ళే బాణం మీద వేలు పెట్టాడు.

"మా అమ్మని మోసినప్పుడు నేను లేను," అన్నాడు ప్రసర్త్. ఒక్కొక్క మాటకూ మధ్య గాలి తీసుకుంటున్నాడు. "ఈ సందులోనే తిప్పి ఉంటారు. లెఫ్ట్ సైడ్. మా తమ్ముడు ముందు, వెనక చుట్టాలు. నేను లేను. ఇప్పుడు నేను వాళ్ళ వెనకాల నడుస్తున్నాను అనుకో. వెళ్ళు తమ్ముడూ."

పరంధామయ్య ముందుకే వెళ్ళాడు.

ట్రక్కు లేదు. దాని చోట ఒక కుక్క పడుకుని ఉంది. దాని పక్క నుంచి గోడ శుభ్రంగా, పొడుగ్గా సాగింది. అటునుంచి లెక్క తిరగబడింది కాబట్టి ముందుగా వెనక గుమ్మం దాకా వెళ్ళి, అక్కడినుంచి లెక్కపెట్టుకుంటూ వచ్చి మూడో స్తంభం పోల్చుకున్నాడు. గుండ్రటి గూడు, చలువరాయి బిళ్ళ, దానిమీద రెండు వరుసల అక్షరాలు, పైన కోడిగుడ్డు ఆకారంలో ఫొటో. మెల్లగా దగ్గరికి లాగాడు. ఫొటో పెద్దదైంది.

ముఖం లేదు. జుట్టు ఉంది, మెడ ఉంది, తెల్ల రవిక అంచు ఉంది. మధ్యలో అంతా మసక. గుర్రబ్బండివాడికి చేసినట్టే, వీధిలో అందరికీ చేసినట్టే, ఆ కంప్యూటరు ఈ చలువరాయి మీది చనిపోయిన మనిషి ముఖాన్ని కూడా అలికేసింది.

పరంధామయ్య ఇంకా దగ్గరికి లాగాడు. మసక ఇంకా పెద్ద మసకైంది. వెనక్కి వదిలాడు. సుభద్రకు ఇలాంటి గోడ లేదు. అస్థికలు గోదావరిలో కలిపి వచ్చేశాడు. గోడ ఉన్నవాళ్ళు అదృష్టవంతులని ఇన్నాళ్ళూ లోపల్లోపల ఈర్ష్యపడ్డాడు.

"నన్ను లేపు," అన్నాడు ప్రసర్త్.

"పీ, కూర్చోండి, నేను..."

"లేపు."

చంకల కింద చేతులు వేసి లేపాడు. ఎముకల సంచీలా తేలిగ్గా ఉన్నాడు, కాళ్ళు మాత్రం బరువు. వాకర్ పట్టించి, ఆక్సిజన్ గొట్టం కాలికి తగలకుండా ఎత్తి పట్టుకుని, వెనక నుంచి నడుము ఆనించుకుని నడిపించాడు. టీవీ దాకా నాలుగు అడుగులు. మధ్యలో రెండుసార్లు ఆగారు. ముసలాయన వాకర్ మీంచి ఒక చెయ్యి తీసి, చొక్కా జేబులోంచి రుమాలు లాగి, టీవీ అద్దంమీద ఆ మసక ఉన్న చోట తుడవడం మొదలుపెట్టాడు. గట్టిగా కాదు. చిన్నపిల్లల మూతి తుడిచినట్టు, గుండ్రంగా.

"వానకి," అన్నాడు. "ఆ గోడకి నీళ్ళు కారతాయి. తుడిచేవాళ్ళు లేరు."

ఆయన తెలియక అన్నాడో, తెలిసే అన్నాడో పరంధామయ్య అడగలేదు. నడుము పట్టుకున్న చేతులకు ముసలాయన గుండె ఎగిరెగిరి కొట్టుకోవడం తెలుస్తోంది. తుడుస్తూ తుడుస్తూ ప్రసర్త్ చెయ్యి కిందికి జారి, అక్షరాల దగ్గర ఆగింది. అక్షరాలను ఎవరూ చెరపలేదు. నల్లగా, నిండుగా ఉన్నాయి. ఆయన వాటిమీద వేలు పెట్టి, ఎడమ నుంచి కుడికి, చదువు నేర్చుకునే పిల్లవాడిలా కూడబలుక్కుని చదివాడు.

"మే బువా," అన్నాడు. వెనక్కి తిరగకుండానే చెప్పాడు. "మే అంటే అమ్మ. బువా అంటే తామర."

"మాకూ ఆ పేరున్న ఆడవాళ్ళు ఉంటారు, పీ. పద్మ అంటాం."

"పద్మ," అన్నాడు ప్రసర్త్, చివర పైకి లేపి.

కుర్చీలోకి తెచ్చి కూర్చోబెట్టేసరికి పెదవులు నీలంగా ఉన్నాయి. నర్సు చెప్పినట్టు నాలుక కింద మందు చుక్కలు వేశాడు. కాళ్ళు ఎత్తి పెట్టాడు. నుదుటి చెమట తుడిచాడు. కాసేపటికి ఊపిరి నెమ్మదించింది. "టీ?" అని అడిగితే వద్దన్నట్టు వేళ్ళు కదిపాడు. "తరువాత," అన్నాడు. ఆ పైన కళ్ళు మూసుకున్నాడు.

పరంధామయ్య స్టూలుమీద కూర్చున్నాడు. గది చల్లగా ఉంది, మధ్యాహ్నపు ఎండ పరదా అంచు దాకా వచ్చి ఆగింది. తెరమీద ఆ గోడ అలాగే ఉంది. ఆయన మనసు మాత్రం నిలవలేదు. ఇవన్నీ బొమ్మలు, బొమ్మల చుట్టూ తిరిగినదానికి ఏ ఫలమూ ఉండదు అని సైన్సు చదువుకున్నవాడిగా తనకు తాను చెప్పుకున్నాడు. భుజం ఒప్పుకోలేదు. ఇంటికెళ్ళి పడుకున్నా ఒప్పుకోదని తెలిసింది.

చప్పుడు కాకుండా ల్యాప్‌టాప్ ఒళ్ళోకి తీసుకున్నాడు. కొత్త ఫొటోల్లోకి మారాడు. గుడి ముందు గుమ్మం దగ్గర మొదలుపెట్టి, గోడ కుడిచేతివైపు ఉండేట్టు బయల్దేరాడు. గబగబా తిప్పితే లెక్కలోకి రాదనిపించి, ఒక్కొక్క బాణం దగ్గర ఆగి ఆగి వెళ్ళాడు. నది, మామిడి చెట్టు, ట్రక్కు, సంత. ఒకసారి అయింది. తెరవంకే చూస్తూ, ఈ తిరగడం ఆయన పేరు మీద అనుకున్నాడు. రెండోసారి ట్రక్కు దగ్గరికి వచ్చేసరికి అలవాటుగా, బేరం అయిపోలేదు ఇంకా, అని లోపల అనుకున్నాడు. వెనక నుంచి మెషీన్ పెద్దగా ఊపిరి పీలుస్తూ, వదులుతూ ఉంది. ఆ చప్పుడు వినిపిస్తున్నంతసేపూ ఆయనకు నిశ్చింతగానే ఉంది. మూడోసారి తిరిగి గుమ్మం ముందుకు వచ్చాడు. సింహాలు రెండూ నోళ్ళు తెరిచి ఉన్నాయి. మౌస్ వదిలి, చేతులు రెండూ జోడించి, వెనక్కి తిరిగాడు.

ప్రసర్త్ తల కొంచెం పక్కకు వాలి ఉంది. నోరు కొద్దిగా తెరుచుకుని ఉంది. గొట్టంలోంచి గాలి వస్తోంది, తీసుకునేవాడు లేడు.

పరంధామయ్య లేచి ముక్కు దగ్గర చెయ్యి పెట్టాడు. మణికట్టు పట్టుకున్నాడు. మేజోడు పై అంచు దగ్గర పిక్కను తాకాడు. ఇంకా వెచ్చగానే ఉంది. ఎప్పుడు? మొదటిసారి తిరిగినప్పుడా, రెండోసారా? అడుగు దూరంలో, తన వీపు వెనక. పిలిచాడేమో. చెయ్యి చాపాడేమో. తను చూస్తున్నది గోడ.

"పీ," అని పిలిచాడు. రెండోసారి "అన్నయ్యా" అన్నాడు.

హాస్పిస్ నంబరుకు ఫోన్ చేశాడు. తరువాత మాలీకి. ఆ తరువాత ఏం చేయాలో చెప్పినవాళ్ళు లేరు కాబట్టి, జారిన దిండు సర్ది, గొట్టం గుచ్చుకోకుండా చెవుల దగ్గర వదులు చేశాడు.

నర్సు ముందు వచ్చింది. పొడుగాటి నల్లావిడ. లోపలికి వస్తూనే చనిపోయిన మనిషితో, "హలో మిస్టర్ ప్రసర్త్, నా చేతులు చల్లగా ఉంటాయి, ఏమనుకోకండి," అంది. స్టెతస్కోపును అరచేతిలో రుద్ది వేడిచేసి మరీ ఛాతీమీద పెట్టింది. గోడ గడియారం చూసి టైము రాసుకుంది. మెషీన్ ఆపింది. అప్పుడు గదిలోకి వచ్చిన నిశ్శబ్దానికి పరంధామయ్య గోడ పట్టుకున్నాడు.

మాలీ తను పనిచేసే ఎయిర్‌పోర్ట్ నుంచి యూనిఫాంలోనే వచ్చింది. యాభై దాటిన మనిషి, తండ్రి పక్కన నేలమీద కూర్చుని, ఆయన చెయ్యి తన తలమీద పెట్టుకుని ఉండిపోయింది. చాలాసేపటికి తలెత్తింది.

"నొప్పి పడ్డారా, మిస్టర్ పరమ్?"

"లేదమ్మా. నిద్రలోనే."

"మీరు పక్కనే ఉన్నారా?"

"పక్కనే ఉన్నాను," అన్నాడు. అది అబద్ధం కాదు. నిజమూ కాదు.

"ఆ ఫొటో చూశారా? నానమ్మని?"



"పేరు చదివారు," అన్నాడు. "వేలు పెట్టి చదివారు. నాకు అర్థం కూడా చెప్పారు."

మాలీ అప్పుడు ఏడ్చింది.

వరండాలోకి వచ్చేసరికి రేణు ఫోన్. సంగతి అప్పటికే తెలిసింది. "అయ్యో అంకుల్," అంది. "మీరు తిన్నరా?"

"ఏమో అమ్మా. లేదనుకుంటా."

"ముందుగాల ఏమన్న తినుండ్రి. రేపు రాకుండ్రి, నేను చూస్కుంట. ఎల్లుండి పక్కూరు కాపెల్‌ల ఇంకో ఆయన ఉన్నడు, స్ట్రోక్ వచ్చిన మనిషి. మీరైతేనే మంచిగుంటది. అంకుల్, దొరికినయా పాత డేట్‌లు?"

"దొరికాయమ్మా."

"హమ్మయ్య," అంది ఆ అమ్మాయి. నిజంగా సంతోషించింది.

ఫ్యూనరల్ హోమ్‌వాళ్ళు ఇద్దరు వచ్చారు. తలుపు ఇరుకు. కుర్చీ జరిపి, స్ట్రెచర్‌ను గదిలో ఒకసారి తిప్పుకుని గానీ బయటికి తీసుకెళ్ళలేకపోయారు. అది ఏ వైపు తిరిగిందో పరంధామయ్య చూడలేదు. చూడకూడదని, కావాలనే తల వంచుకున్నాడు. పార్కింగ్ లాట్‌లో వ్యాను తలుపు మెల్లగా మూసిన చప్పుడు వినిపించింది.

మాలీ గది మధ్యలో నిలబడింది. టీవీలో ఇంకా గుడి గుమ్మం, రెండు సింహాలు, లంపాంగ్ ఉదయం. రిమోట్ తీసి ఆపింది. తెర నల్లబడింది. కిటికీలోంచి పడే సాయంత్రపు వెలుగులో దానిమీద ఎన్నాళ్ళదో సన్నటి దుమ్ము పొర కనిపించింది. మధ్యలో, మనిషి ముఖమంత మేర, గుండ్రంగా, శుభ్రంగా తుడిచిన అద్దం.